పేరు కాని పేర్ల చిట్టా

ఫిబ్రవరి 6, 2018, మంగళవారం

మా పెద్ద డాక్టర్ సెబున్యకు అదే పాఠం ఇవాళ మూడోసారి చెప్పాను. మా ఆసుపత్రిలో మూడు డేటాబేస్‌లున్నాయి. మూడు పుట్టిళ్ల నుంచి వచ్చిన తోడికోడళ్లలా ఒకే ఇంట్లో ఉంటాయి కానీ ఒకదాని మాట ఇంకోదానికి పట్టదు. వార్డులది పాతది, ఎప్పుడో ఇక్కడ పనిచేసిన ఫాదర్ ఒకాయన కట్టి వెళ్లాడు, అందులో పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ల్యాబుది మెషీన్‌తో వచ్చింది, దానికి పేరు రెండు ముక్కలు కావాలి. టీబీ మందుల గదిదానికి అసలు పేరే అక్కర్లేదు, కార్డు నంబరు చాలు. ఈ మూడింటికీ మధ్య నేను కడుతున్నదే వంతెన.

పేరు, ఊరు కలిసి, వయసులో రెండేళ్లకు మించి తేడా లేకపోతే వంతెన ఇద్దరినీ ఒకే మనిషిగా కలిపేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. మా నర్సమ్మలు కవలల తల్లిని పేరు పెట్టి పిలవరు, పిలిస్తే నోరు పడిపోతుందన్నట్టు ఉంటారు. నలోంగో అంటారు. సరే, మర్యాదే. రిజిస్టరులో కూడా నలోంగో అని రాసి చేతులు దులుపుకుంటే ఎలా? ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంటుంది కదా! కవలల తండ్రి సలోంగో. ముసలమ్మలందరూ జజ్జా. హజ్ చేసొచ్చిన ప్రతి ఆవిడా హజతి. ఈ మాటలన్నీ ఒక చిట్టాగా రాసి వంతెన మొదట్లోనే పెట్టాను. వీటిలో ఏది కనబడినా ఆగాలి, కలపకూడదు, ఒక మనిషి వచ్చి కాగితం రిజిస్టరు తిరగేసి తేల్చాలి. ఆ చిట్టాకు ‘పేరు కాని పేర్లు’ అని పేరు పెట్టాను.

నిన్న వంతెన నడిపితే 1,140 మంది ఆగారు.

నబుకేర నా కుర్చీ వెనక నిలబడి తెర చూసి ఒకటే నవ్వు. “ఒసేయ్ నమ్వంజే, సగం జిల్లా నలోంగోలే ఉన్నట్టున్నారే! ఈ ఊరి నీళ్లలో ఏదో ఉంది. నువ్వు పెళ్లికి ముందే రెండు ఉయ్యాలలు కొనిపెట్టుకో.”

“ముందు పెళ్లికొడుకుని కొనిపెట్టవే” అన్నాను.

పదకొండేళ్లుగా ఒకే బల్ల మాది. ఆ బల్ల సొరుగు తాళంచెవి కూడా ఒకటే.

ఫిబ్రవరి 8

ముప్పై ఒక్క మందిని చూశాను. దుమ్ముకు తుమ్ములు. నబుకేర గుడ్డు చుట్టిన చపాతీ తెచ్చి, తినేదాకా రిజిస్టరు లాక్కుని కూర్చుంది.

ఫిబ్రవరి 12

ఇరవై మూడో తేదీన కంపాలా నుంచి పెద్దలు వస్తున్నారు. వంతెన నచ్చితే ఇంకో పద్నాలుగు ఆసుపత్రుల్లో పెడతారట. వాళ్లకు ఒక్క అంకె కావాలి, నూటికి ఎంతమంది కలిశారు అని. మాది ఎనభై ఒకటి.

“తొంభై అయిదైనా ఉండాలమ్మా. ఎనభై ఒకటి చూసి ఎవరు మెచ్చుకుంటారు?” అన్నాడు డాక్టర్.

“మిగతావాళ్లను చేత్తో చూడాలి సార్. తొందరపడితే ఒకరి మందు ఇంకొకరు మింగుతారు.”

ఆయన నబుకేర వైపు చూశాడు. నబుకేర గోళ్లు చూసుకుంది.

ఫిబ్రవరి 14

రేపు మా ఊరికి. పెద్దలకు చూపే కాగితాలతోనే వారం గడిచింది, ఆగినవాళ్లు ఇంకా 1,109 మంది అలాగే ఉన్నారు. శుక్ర, శనివారాల్లో నాన్న లుంబే. రెండేళ్ల నుంచి వాయిదా పడుతున్న పెద్దకర్మ ఇప్పటికి కుదిరింది. అన్నయ్య వారసుడిగా కూర్చుంటాడు. నేను లుబుగని, చెట్టు బెరడు బట్ట కట్టుకుని వాడి పక్కన కూర్చోవలసిన చెల్లెలిని. వంశం వంశమంతా చూస్తుండగా ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు.

“నీ పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లు” అంది నబుకేర. “నాది ఆ ఆగినవాళ్ల వరస తెరవదు కదా. రోజుకో వంద మందిని చూసి పెడతాను. నువ్వు మీ నాన్న పని మనసు పెట్టి చేసుకో.”

చీటీ మీద రాసిచ్చాను. ఇది ఉద్యోగం పోయే తప్పని నియమాల్లో ఉంది. ఆ నియమాలు రాసినవాళ్లకు నబుకేర తెలియదు. సాయంత్రం మా అమ్మకు ఇవ్వమని ఒక మటోకే అరటిగెల, మూడు కిలోల చక్కెర తెచ్చి సంచిలో పెట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఫిబ్రవరి 19

వచ్చి చూస్తే వరసలో ఒక్కరూ లేరు. చేత్తో చూడవలసినవాళ్లు సున్నా.

“నిద్ర మానేసి చేశానే” అంది.

కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. నిన్న ఆదివారం బాగా పడుకుని ఉంటుంది. నాలుగు రోజుల్లో 1,109 మంది. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు వేసుకున్నా... వద్దు, ఊరి నుంచి వచ్చిన ఒళ్లునొప్పులతో ఈ హెచ్చవేతలు నావల్ల కావు.

కాగితం రిజిస్టర్లు నేను తాడు కట్టి వెళ్లిన చోటనే ఉన్నాయి. ముడి కూడా నేను వేసినట్టే ఉంది. నబుకేర కూడా అలాగే వేస్తుందేమో, ఎప్పుడూ గమనించలేదు. నబుకేర అలాంటిది కాదు.

ఫిబ్రవరి 23

తొంభై ఏడు! కంపాలా పెద్దలు చప్పట్లు కొట్టారు. నబుకేర ముందు నిలబడి చెప్పింది, దాని గొంతు బాగుంటుంది, నాకు నలుగురి ముందు నోరు పెగలదు. మొదట్లో “మేం కట్టిన వంతెన” అంది. టీ తర్వాత “నేను కట్టినప్పుడు” అంది. మాటల్లో దొర్లి ఉంటుంది.

మార్చి 12

పద్నాలుగు ఆసుపత్రుల పనికి నబుకేరను ఎంచుకున్నారు. మే నెలలో కంపాలాకు వెళ్తోంది. నాతో ముందే ఎందుకు చెప్పలేదంటే ఖాయమయ్యాక చెబుదామని అట.

మార్చి 13

నేను సంతోషంగానే ఉన్నాను.

ఏప్రిల్ 5, గురువారం

కిజాంగో నుంచి ఒకావిడ వచ్చింది. పేరు జస్టిన్, కవలల తల్లి, మనిషి రోకలిలా గట్టిగా ఉంది. మందుల గది కిటికీ దగ్గర గొడవ పడుతోందని నన్ను పిలిచారు.

“న్యాబో, మీరైనా చెప్పండమ్మా” అంది. “ఈ మాత్రలు మొదలుపెట్టిన కాడి నుంచి ఒంటికి పోతే ఎర్రగా వస్తోంది. మా ఆయన భయపడి చస్తున్నాడు. నాకసలు దగ్గే లేదు! జనవరిలో జలుబు చేస్తే వచ్చాను, అంతే. ఫోన్ చేసి టీబీ ఉంది రమ్మన్నారు.”

ఎరుపు ఆ మాత్రల వల్లనే, దానికేం ఫరవాలేదు. కార్డు తెరిచి చూశాను. నలోంగో, కిజాంగో, వయసు ముప్పై ఒకటి. జనవరి కళ్లె పరీక్షలు రెండున్నాయి, పన్నెండు రోజుల తేడాతో. ఒకటి శుభ్రం. రెండోదాంట్లో టీబీ. ఆ రెండో చీటీ మీద వయసు ఇరవై తొమ్మిది.

“మీరు కళ్లె ఎన్నిసార్లు ఇచ్చారమ్మా?”

“ఒక్కసారే.”

“మీ ఊళ్లో ఇంకో నలోంగో ఉందా?”

“ఎందుకు లేదు? బావి దిగువన టెడ్డీ. దానికి ఒకటే దగ్గు పాపం.”

మా కిటికీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, ఫోన్ రాకపోతే జబ్బు లేనట్టే అని. టెడ్డీ ఫోన్ కోసం చూసి ఉంటుంది. ఫోన్లు చేసేది వంతెన కలిపిన కార్డు చూసి, కాబట్టి ఆ ఫోన్ జస్టిన్‌కు వెళ్లింది. జస్టిన్ మాత్రలు ఆపించి, డాక్టరుకు అప్పగించి వచ్చాను.

ఏప్రిల్ 6

బోడా బైకు మీద కిజాంగో వెళ్లాను. టెడ్డీ అరుగు మీద వేరుశనగలు ఒలుస్తోంది. పది గింజలకోసారి ఆగి దగ్గుతోంది. భుజాల ఎముకలు గౌనులోంచి పొడుచుకొచ్చాయి. కవలలిద్దరూ, వస్వా, కటో, ఆమె ఒడిలోనే దొర్లుతున్నారు. నాలుగేళ్లుంటాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని నమస్కారం చెప్పి, సంగతి చెప్పాను.

“ఓహో, నువ్వేనా నాకు ఫోన్ చెయ్యనిది?” అంది.

“పొరపాటు జరిగింది నలోంగో.”

“ఫోన్ రాలేదు, దేవుడు చల్లగా చూశాడని చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించానమ్మా. రెండు నెలలుగా ఈ ఇద్దరినీ చెరో పక్కన వేసుకుని పడుకుంటున్నాను.” తర్వాత చాలాసేపు దగ్గింది. “మీ పొరపాటుకు కాళ్లున్నాయా, నడిచి వచ్చి నా పిల్లల్ని చూస్తుందా?”

ముగ్గురినీ అదే బోడా మీద ఎక్కించి పంపి, నేను నడిచి రోడ్డెక్కాను. సాయంత్రానికి తెలిసింది. టెడ్డీకి ఎడమవైపు ఊపిరితిత్తి సగం పాడైంది. కటోకు కూడా అంటింది. వస్వాకు లేదు.

1,109 మందిలో ఇంకెంతమంది టెడ్డీలున్నారు?

ఏప్రిల్ 9

వంతెనలో ఎవరు ఏ మార్పు చేసినా తేదీ, గంట, పేరు పడుతుంది. ఆ పుస్తకం తెరవడానికి మూడు రోజులు తటపటాయించాను. రెండు రోజులు సెలవులే, కానీ సెలవుల వల్ల కాదు.

ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 3:12. ‘పేరు కాని పేర్లు’ చిట్టా తొలగించబడింది. 3:14. ఆగినవారందరూ కలపబడ్డారు. చేసినవారు: నమ్వంజే.

ఫిబ్రవరి 16 మధ్యాహ్నం మూడింటికి నేను బెరడు బట్టలో అన్నయ్య పక్కన కూర్చుని ఉన్నాను. రెండు వందల మంది చూస్తున్నారు. ఫోన్ పిన్నమ్మ సంచిలో ఉంది.

చెయ్యి జారి ఉంటుంది. ఒక్కసారి జారితే చిట్టా పోతుంది. రెండు నిమిషాల తర్వాత మళ్లీ జారితే అందరూ కలుస్తారు. జారడానికీ ఓ వరస ఉంటుందా? నబుకేర అలాంటిది

ఏప్రిల్ 10

అడిగాను. క్యాంటీన్ వెనక, మొక్కజొన్న పోషో కుండలు కడిగే చోట.

“నాకేం తెలుసే? నీ పేరుతో ఉందిగా” అంది.

“నా పాస్‌వర్డ్ నీ దగ్గర ఉంది.”

“ఏ పాస్‌వర్డు?” కళ్లల్లోకి సూటిగా చూసి అడిగింది. దాని కళ్లు నాకు పదకొండేళ్లుగా తెలుసు. రెప్ప వెయ్యలేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అంటుంటే నవ్వేదాన్ని. నబుకేర అలాంటిదే. రాశాను, ఇక కొట్టెయ్యను.

ఏప్రిల్ 12

డాక్టర్ గదిలో విచారణ. బల్ల మీద ఆ రెండు పంక్తులు అచ్చేసి పెట్టారు, కింద నా పేరు.

“నేను అడిగాను సార్, ఇంత తొందరగా ఎలా అయిందీ అని. అంతా చూసేశానంది. నమ్మాను. స్నేహితురాలు కదా” అంది నబుకేర. చివర్లో గొంతు జీర పోయింది కూడా!

నేను లుంబేలో ఉన్నానన్నాను. “ఫోన్ నుంచి కూడా చెయ్యొచ్చు కదమ్మా” అన్నాడు డాక్టర్. చీటీ సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే చేసినది నేను కాదని తేలుతుంది, ఉద్యోగం మాత్రం అక్కడికక్కడే ఊడుతుంది. చెప్పకపోతే హెచ్చరికతో బయటపడతాను. అమ్మ, అన్నయ్య పిల్లల బడి గుర్తొచ్చి నీళ్లు నమిలాను.

విడిగా ఒక మాట అడిగాను. “సార్, ఆ 1,109 మందినీ మళ్లీ విడదీసి చూడాలి. వెంటనే.”

“ఇద్దరి విషయంలో తప్పు జరిగింది, సరిదిద్దాం. మొత్తం విప్పితే కంపాలాకు ఏం చెప్పను?”

ఏప్రిల్ 13

పనికి వెళ్లాను. బల్ల సొరుగు తాళంచెవి నబుకేర వైపు తోసేశాను. తీసుకుంది.

ఏప్రిల్ 15, ఆదివారం

చర్చి అయ్యాక ఇంటికొచ్చింది. చేతిలో మళ్లీ చక్కెర! సిగ్గన్నది సంతలో దొరికితే ఒక కిలో కొనిద్దును. అయినా కుర్చీ వేశాను. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టడం అమ్మ నాకు నేర్పలేదు.

“చూడు, నేను చేసింది తప్పే” అంది. గోడలకు చెవులున్నట్టు మెల్లగా అంది. “డాక్టర్ ఒత్తిడి పెట్టాడు. అంకె రాకపోతే ఇద్దరం ఇక్కడే రిజిస్టర్లు దులుపుకుంటూ చచ్చేవాళ్లం. చిట్టా తీసేస్తే ఏమవుతుందో అంత ఆలోచించలేదే.”

“ఆలోచించలేదా? నీ పక్కన కూర్చుని చెప్పాను కదే, ఒకరి మందు ఇంకొకరు మింగుతారని!”

“మెషీన్ తప్పు అని రాసిద్దాం. ఇద్దరం సంతకం పెడదాం. ఎవరికీ నష్టం లేదు. నేను కంపాలాలో కుదురుకున్నాక నిన్నూ లాక్కుంటాను.”

“నా పేరే ఎందుకు వాడావు?”

కొంచెం ఆలోచించి నిజమే చెప్పింది. “నువ్వు చీటీ సంగతి బయటపెట్టలేవని తెలుసు కాబట్టి.”

చక్కెర సంచి దాని చేతికే ఇచ్చి పంపాను. తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఎవరో దొంగ దోచుకుంటే ఇంత ఏడుపు రాదు. కంచే చేను మేసింది. నా మంచితనం కొలతలు తీసుకుని మరీ మేసింది.

ఏప్రిల్ 16

పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తూ పిల్లల వార్డులోకి తొంగి చూశాను. కటో మాత్ర ఉమ్మేస్తున్నాడు, టెడ్డీ ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని మళ్లీ నోట్లో పెడుతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

నేరుగా డాక్టర్ గదికి వెళ్లాను. “ఫిబ్రవరి పద్నాలుగున నా పాస్‌వర్డ్ చీటీ మీద రాసి నబుకేరకు ఇచ్చాను సార్. నేను లుబుగగా కూర్చున్నప్పటి ఫోటోలు ఇవిగో, ఫోటోగ్రాఫరు గంట కూడా వేశాడు. ఆ మార్పు నాది కాదు, ఎవరూ చూసి చేసింది కాదు. కాబట్టి ఆ 1,109లో ఒక్క కలయికను కూడా నమ్మడానికి లేదు. ఇదంతా రాసి సంతకం పెట్టి తెచ్చాను. ఒక నకలు జిల్లా ఆరోగ్యాధికారి ఆఫీసులో ఇచ్చే వచ్చాను.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నకలు ఇవ్వకుండా ఉండాల్సింది నమ్వంజే. నిన్ను ఇప్పుడు కాపాడలేను.”

“తెలుసు సార్.”

మధ్యాహ్నానికి వంతెన ఆపారు. చిట్టా మళ్లీ పెట్టారు. సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది.

మే 21

నర్సు ఒకామె ఫోన్ చేసి చెప్పింది. 1,109 మందిని కాగితాలతో సరిచూడటం పూర్తయిందట. వాళ్లలో రెండు వందల పన్నెండు మంది సంబంధం లేని ఇంకో మనిషితో కలిసిపోయినవాళ్లు. అయిదుగురు వేరేవాళ్ల మందులు మింగుతున్నారు. అయిదుగురూ దొరికారు, బతికే ఉన్నారు. కటో బరువు కిలో పెరిగాడు.

నబుకేరకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారట. కంపాలా వాళ్లు పని తెలిసిన మనిషి కావాలని ఆ ఉత్తరంతో సహా తీసుకెళ్లారు.

నేను అన్నయ్య కాఫీ తోటలో గింజలు ఎండబెడుతున్నాను.

జూలై 30

మధ్యాహ్నం ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“నేనే” అంది నబుకేర. “పెట్టెయ్యకు. ఇగంగలో ఉన్నాను. రేపు ఇక్కడ వంతెన మొదలుపెడుతున్నాం. ఇక్కడి వాళ్లది మన భాష కాదు కదా. కవలల తల్లిని ఏమంటారో నీకు తెలుసు, మీ అమ్మమ్మది ఇటువైపే.”

నాలుగు నెలల తిట్లు గొంతులో బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఇగంగలో కిటికీ దగ్గర ఫోన్ కోసం చూసే ఆడవాళ్లకు దీని పాపంతో పనేముంది?

“రాసుకో” అన్నాను. “తల్లి నబిర్యే, తండ్రి ఇసబిర్యే. పడమటి జిల్లాలకు వెళ్తే న్యినబరోంగో, ఇసెబరోంగో.” జజ్జాలు, హజతులు, ఫలానావాడి అమ్మ అని రాసే అలవాటు, అన్నీ చెప్పాను. చేత్తో చూసే మనుషుల్ని ముందే అడిగి పెట్టుకోమన్నాను. బుద్ధిగా రాసుకుంది.

“చిట్టా కింద తయారుచేసినవారు అని ఒక గడి ఉందే” అంది చివర్లో. “నా పేరు రాసేశాను. తీసేసిన మనిషి పేరు పెడితే వాళ్లు ఒప్పుకోరు కదా.”

పెట్టేశాను.

ఫోన్ పక్కన పడేసి కాఫీ గింజలు తిరగేస్తుంటే గుర్తొచ్చింది. అటువైపు నబిర్యే, ఇసబిర్యే బిరుదులే కాదు, ఎందరికో పుట్టుకతో వచ్చిన పేర్లు కూడా. మా అమ్మమ్మ చెల్లెలు నబిర్యే, ఆవిడకు కవలలే లేరు. ఆ మాటల్ని ఉన్నవాటిని ఉన్నట్టు చిట్టాలో పెడితే వేలమంది ఆగిపోతారు. వరస కొండలా పెరుగుతుంది. పెద్దలు వచ్చే వారంలో ఎవరో మళ్లీ విసిగి ఆ చిట్టానే తీసేస్తారు. పక్కన ఇంకో పేరు ఉందో లేదో చూసి, లేకపోతేనే ఆపాలి.

ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు. మెసేజ్ పెట్టాను, చూసినట్టు లేదు. తిట్టడానికి చేస్తున్నాననుకుంటోంది.

రేపు మొదటి టాక్సీకి ఇగంగ వెళ్తున్నాను. ముందు నబిర్యే సంగతి చెప్తాను, తిట్టడం ఆ తర్వాత.